అరణియార్‌లో పురుగుమందు లెక్క: సాఫ్ట్‌వేర్ కంటే ముందు లష్కరుని పట్టుకోండి

పిచ్చాటూరు అరణియార్ జలాశయంలో పురుగుమందు ఎటు పోతుందో ప్రాజెక్టుకు మోడల్ చెయ్యాలి, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అని కదా మీరడిగింది. తిరుపతిలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు నేనూ ఇదే పని నెత్తికెత్తుకున్నాను. ఒక నెల పాటు సాఫ్ట్‌వేర్ జోలికి పోకండి.

ముందు కాగితం మీద చూడండి. రోజూ చేరే మందుని, బయటికెళ్లే నీళ్లకి (నిల్వ × విరిగిపోయే రేటు) కలిపి వచ్చినదాంతో భాగిస్తే గాఢత తేలుతుంది. రేటంటే 0.693 బై అర్ధాయువు (మందు సగానికి తగ్గే కాలం). అర్ధాయువు 10 రోజులైతే రోజుకు దాదాపు 7 శాతం.

నేను బోల్తా పడింది నిల్వ దగ్గర. ఏడాదంతా నిండుగా 1.85 టీఎంసీలు ఉన్నట్టు వేసేశాను. మన వైపు నీళ్లు వచ్చేదే నవంబరు, డిసెంబరు తుపాన్లకి, అదీ నాలుగు రోజుల్లో. మా గైడు మే నెల గ్రాఫు పక్కన ఎర్రపెన్నుతో 'ఈ నీళ్లు ఎక్కడివి?' అని రాశారు. చివరికి తూము దగ్గర స్కేలు చూసి రోజూ మట్టం రాసే లష్కరు నోటుబుక్కే నన్ను గట్టెక్కించింది. ఇంకో మాట కూడా ఆయనే చెప్పాడు: "వాన తెరిపిచ్చినాంక మందు కొడతారు నాయనా, మళ్లా వాన పడితే అంతా కాలవలోకే." కాబట్టి మందు రోజుకింత అని సమానంగా పంచకండి, తుపాను రోజుల మీద పడేయండి.

మందు స్వభావం కూడా చూడాలి. క్లోర్‌పైరిఫాస్ లీటరు నీటిలో మిల్లీగ్రాము కరగడమే ఎక్కువ, పోయి ఒండ్రుని పట్టుకుంటుంది. మోనోక్రోటోఫాస్ నీళ్లలో పూర్తిగా కలిసిపోయి తూము వెంట వెళ్లిపోతుంది. ఇమిడాక్లోప్రిడ్ ఎండకి త్వరగా విరుగుతుంది, కానీ ఎర్రటి వరద నీళ్లలోకి ఎండ ఎంత దిగుతుంది? పుస్తకంలోని అర్ధాయువు తేట నీటిది. ఫలితాల్ని మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 తాగునీటి పరిమితులతో పోల్చండి: లీటరుకు క్లోర్‌పైరిఫాస్ 30, మోనోక్రోటోఫాస్ 1 మైక్రోగ్రాము.

ఇవన్నీ కుదిరాక అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వాళ్లు ఉచితంగా ఇచ్చే వాస్ప్ అనే సాఫ్ట్‌వేర్ చాలు.

అన్నట్టు, శాంపిల్ ముదురు రంగు గాజు సీసాలోనే పట్టండి, అడుగు బురద కూడా తీసుకోండి. నేను మొదటిసారి కూల్‌డ్రింక్ బాటిళ్లలో ఉత్త నీళ్లు తెచ్చాను. క్లోర్‌పైరిఫాస్ ప్లాస్టిక్‌కి అంటుకుంటుందని ల్యాబు రిపోర్టులో సున్నాలు చూశాకే తెలిసింది.