కౌలు రైతు కొడుకు చురుకైనవాడే, మార్కులెందుకు రావట్లేదు?

“మా పొలం కౌలుకి చేసే ఆయన కొడుకు ఎనిమిదో తరగతి. చురుకైనవాడే, కానీ మార్కులు రావట్లేదు. ఇంటి పరిస్థితే కారణమా, వాడే శ్రద్ధ పెట్టట్లేదా?” అని అడిగారు.

నేను కోనసీమలో జిల్లా పరిషత్ హైస్కూల్లో 19 ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. చాలామటుకు ఇంటి పరిస్థితేనండి. అయితే డబ్బు లేకపోవడం కంటే, పిల్లాడు చదువుకోవాల్సిన టైమ్ ఇంటి పనుల్లో కలిసిపోవడమే నేను ఎక్కువ చూశాను. పుస్తకాలు, యూనిఫాం బడిలోనే ఇస్తున్నారు, మధ్యాహ్నం అన్నం పెడుతున్నారు. పిల్లల్ని బడికి పంపే తల్లులకి సర్కారు డబ్బు సాయం ఉంది, 2020లో అమ్మ ఒడి, ఇప్పుడు తల్లికి వందనం. వీటి మేలు పెద్దదే. కానీ సాయంత్రాలు మాత్రం ఎవరూ తెచ్చివ్వలేరు.

మూడేళ్ల కిందట పదో తరగతిలో ఒక కుర్రాడు ఉండేవాడు. వాళ్ల నాన్న కౌలుకి చేసే మూడెకరాలు కాలువ శివారున ఉన్నాయి. దాళ్వాలో, అంటే రెండో వరి పంటకి, నీళ్లు చాలక వంతులు పెట్టారు. వంతు రాత్రిపూట వస్తే తండ్రితోపాటు వీడూ బోదె (పొలానికి నీళ్లు తెచ్చే చిన్న కాలువ) గట్టు మీద కాపలా. తెల్లారి ఫస్ట్ పీరియడ్‌కి వచ్చేసరికి కాళ్లకి మట్టి ఎండి పెళ్లలు రాలుతుండేది. బోర్డు దగ్గరికి పిలిస్తే వర్గ సమీకరణం రెండు లైన్లు చక్కగా రాసి, మూడో లైన్లో మైనస్ వదిలేసేవాడు. నిర్లక్ష్యం అనుకుని నేను రెండుసార్లు పీరియడ్ అంతా నిలబెట్టాను. విషయం తెలిశాక చాలా బాధపడ్డాను, ఇప్పటికీ బాధే. దాళ్వాకి నీళ్ల కటకట ఫిబ్రవరి, మార్చిలో. పబ్లిక్ పరీక్షలూ మార్చిలోనే.

ఈ దెబ్బ ముందు లెక్కల్లోనే కనిపిస్తుంది. సోషల్‌లో ఒక పాఠం పోతే ఇంకోటి చదువుకుని గట్టెక్కొచ్చు. లెక్కల్లో ఏడో తరగతిలో పోయిన ప్లస్, మైనస్ గుర్తుల పాఠం పదిలో అడ్డం పడుతుంది. గోదావరి మధ్యలో ఉండే లంకల నుంచి వచ్చే పిల్లలకి జులై, ఆగస్టులో వరదొచ్చి కాజ్‌వే మునిగితే బడి ఆగిపోతుంది. ఆ రోజుల్లో చెప్పిన అధ్యాయం వాళ్ల నోట్సులో ఖాళీయే.

ఇంకో అమ్మాయి. వాళ్లమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. ఇంటికి స్లాబ్ కూడా వేశారు. ఆలస్యమెందుకమ్మా అంటే “ఆయ్, అన్నం వార్చి వచ్చానండి” అంది. తాతయ్యకి, తమ్ముడికి వండేది ఆ పిల్లే. మార్కులు పడిపోయింది ఇంట్లో డబ్బు పెరిగిన ఏడాదే. దీనికి ఎదురు ఉదాహరణ, కొబ్బరి పీచు పనికి వెళ్లే ఒక తల్లి. ఆవిడకి చదవడం రాదు, అంకెలు మాత్రం తెలుసు. రోజూ రాత్రి కొడుకు నోట్సు తెరిపించి ఇవాళ్టి తేదీ ఉందో లేదో చూసేది. ఆ పిల్లాడు ఎప్పుడూ వెనకబడలేదు.

మీ విషయానికొస్తే, బడి వదిలిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏం చేస్తున్నాడో ముందు వాణ్ణే అడగండి, మార్కుల ఊసెత్తకుండా. వాడు చదివేది సర్కారు బడో, ఎయిడెడ్ బడో అయితే ఈ ఏడాదే ఎన్ఎమ్ఎమ్ఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్షకి దరఖాస్తు పెట్టించండి. కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. ప్రశ్నలు సగం తర్కం, సగం పాఠాలు. చురుకైన పిల్లాడికి అందేదే.

ఇంకొక్క మాట, తప్పుగా అనుకోకండి. మక్తా, అంటే కౌలు డబ్బు, ముందే తీసుకుంటున్నారా, పంట నూర్చాకా? ముందే ఇవ్వాలంటే ఆయన వడ్డీకి తేవాలి. ఇక కూలి మనిషిని పెట్టుకోవడానికి ఆయన చేతిలో డబ్బుండదు, కొడుకే పొలంలోకి దిగుతాడు. ఈ దాళ్వాకి పంట చేతికొచ్చాకే తీసుకోండి. వంతు రాత్రుళ్లు ఒక మనిషిని పెట్టుకోగలుగుతారు.