ఫ్లాప్ ఆపరేషన్‌కి ముందు ఆస్పిరిన్ ఆపాలా?

మీ అమ్మగారికి దవడకి ఫ్లాప్ ఆపరేషన్ (ఒంట్లో ఒకచోటి కండని, అంటే ఫ్లాప్‌ని, తీసి ఇంకోచోట వేసేది) చేస్తామన్నారు, గుండె కోసం వాడుతున్న ఆస్పిరిన్ ఆపితే గడ్డ కడుతుందేమో, ఆపకపోతే రక్తం ఎక్కువ పోతుందేమో అని అడిగారు. ఆ టెన్షన్ నేనూ పడ్డాను. యాక్సిడెంట్‌లో ముంగాలి ఎముక బయటపడితే నా తొడ నుంచి కండ తీసి అక్కడ వేశారు.

కండని దాని ధమని, సిరలతో సహా తెచ్చి, కొత్త చోట ఉన్న నాళాలకి మైక్రోస్కోప్ కింద కుడతారు. ఆ నాళాలు రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటాయి, దారం వెంట్రుక కన్నా సన్నం. గడ్డ కట్టే భయం మొదటి రెండు మూడు రోజులే ఎక్కువ, అదీ సిరలో. అందుకే రక్తం ఎంత పలచబడితే అంత మంచిదని నేను అనుకునేవాణ్ణి.

రెండో రాత్రి ఆ నమ్మకం పోయింది. సిస్టర్ గంటకోసారి వచ్చి ఫ్లాప్‌ని వేలితో నొక్కేది. తెల్లబడిన చోటికి రంగు రెండు మూడు సెకన్లలో తిరిగి రావాలి. ఆ రాత్రి వేలు తీసీ తీయగానే వచ్చేసింది, అంచు నీలంగా ఉబ్బింది. అంటే రక్తం లోపలికి వస్తోంది గానీ సిరలోంచి బయటికి పోవట్లేదు. ఆవిడ అప్పటికప్పుడు సర్జన్‌కి ఫోన్ చేసింది. థియేటర్‌లో విప్పి చూస్తే కుట్లు బాగానే ఉన్నాయి, ఫ్లాప్ కింద కారిన రక్తం పేరుకుని సిరని నొక్కేస్తోంది. అది తీసేశాక ఫ్లాప్ బతికింది. గడ్డ కట్టడమే కాదు, రక్తం కారడం కూడా ఫ్లాప్‌కి ముప్పేనని అప్పుడు తెలిసింది. ఆ సిస్టర్‌ని ఇప్పటికీ తలుచుకుంటాను.

పొట్ట మీద ఇచ్చే ఎనోక్సాపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే ఇంజెక్షన్) ముఖ్యంగా మంచం మీద ఉన్నప్పుడు కాళ్ల సిరల్లో గడ్డ కట్టకుండా. ఫ్లాప్‌ని అదే కాపాడుతుందని గట్టిగా తేలలేదు, అందుకే ఒక్కో సర్జన్ ఒక్కో పద్ధతి పాటిస్తారు. ఆస్పిరిన్‌ని చాలామంది కొనసాగించమంటారు. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే ఇంకో మాత్ర వార్ఫరిన్ అయితే మామూలుగా ఐదు రోజుల ముందు ఆపిస్తారు. స్టెంట్ ఉంటే మాత్రం గుండె డాక్టర్, ప్లాస్టిక్ సర్జన్ మాట్లాడుకుని తేల్చాలి. దయచేసి మీరుగా ఒక్క మాత్ర కూడా ఆపకండి, కలపకండి. నొప్పి మాత్రలు, చేప నూనె క్యాప్సూల్స్‌తో సహా వాడేవన్నీ రాసి ఇవ్వండి.

రాత్రిపూట ఫ్లాప్‌ని ఎవరు, ఎంతసేపటికోసారి చూస్తారో ముందే అడగండి. దవడ ఆపరేషన్ కదా, మెడ చుట్టూ కట్టు గానీ గొంతులో పెట్టిన ఊపిరి ట్యూబుని కట్టే తాడు గానీ బిగుతుగా ఉంటే సిర నొక్కుకుపోతుంది. అలా కనిపిస్తే వెంటనే సిస్టర్‌ని పిలవండి.