పిల్లిగద్దలను లెక్కపెట్టడానికి కొండ ఎక్కాలా, బీడుకు వెళ్లాలా?

వలస వచ్చే వేటపక్షులను లెక్కపెట్టాలంటే ఓర్వకల్లు కొండల మీద కూర్చొని పగలంతా ఆకాశాన్ని గమనిస్తే సరిపోతుందా, అనుభవం లేనివారు ఈ పనికి పనికొస్తారా అని మీరు అడిగారు. కర్నూలు చుట్టుపక్కల ఏడు శీతాకాలాలుగా ఈ లెక్కింపులో పాల్గొంటున్నాను కనుక నాకు తెలిసినది చెబుతాను.

కొండ మీది లెక్క అన్నిచోట్లా కుదరదు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1934 నుంచి హాక్ మౌంటెన్ వద్ద, జార్జియా దేశంలో నల్లసముద్రం ఒడ్డున ఉన్న బతూమి వద్ద అది చక్కగా సాగుతోందంటే కారణం అక్కడి నేల తీరు. ఎండకు వేడెక్కి పైకి లేచే గాలిని ఆసరాగా చేసుకొని తేలిపోయే పెద్ద పక్షులు సముద్రాన్ని తప్పించుకుంటూ, కొండల వరుసను పట్టుకొని ఒకే ఇరుకు దారిలోకి వచ్చి పడతాయి. మన మైదానంలో వాటిని అలా ఒక దారికి తెచ్చే అడ్డు ఏదీ లేదు. నేను మొదటి ఏడాది కొండ మీద గడిపిన మూడు పగళ్లలో చూసిన వేటపక్షులు చేతివేళ్లకు సరిపోయాయి.

అయితే మనకు మరొక వీలు ఉంది. కజకిస్తాన్ పచ్చికమైదానాల వంటి చోట్ల గుడ్లు పెట్టి సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇటు వచ్చే పిల్లిగద్దలు, అంటే హారియర్లు, పగలంతా శనగచేల మీద, బీళ్ల మీద నేలను రాసుకుంటున్నట్టు ఎగురుతూ మిడతలనూ ఎలుకలనూ వేటాడి, పొద్దు వాలేసరికి చెట్ల మీద కాక గడ్డిలో నేల మీదనే ఒకచోట చేరి పడుకుంటాయి. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన రోళ్లపాడు (ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది) ఇలాంటి రాత్రి మజిలీకి పేరున్న చోటు. కనుక మన లెక్క పగటిది కాదు, సాయంత్రానిది. కొండ మీదిది కాదు, బీడు గట్టు మీదిది.

జనవరిలో మేము నాలుగున్నరకే చేరుకొని, గడ్డికి చాలినంత దూరంలో నలుగురం నాలుగు దిక్కులకు కూర్చుంటాము. ఎవరి దిక్కు నుంచి లోపలికి వచ్చిన పక్షిని వారే రాస్తారు. బయటికి పోయిన దాన్ని వేరే గడిలో రాసి, చివరికి తీసివేస్తారు. చెప్పడానికి సులువే కాని, పిల్లిగద్ద వచ్చిన వెంటనే కుదురుగా కూర్చోదు. దిగుతుంది, లేస్తుంది, ఒక చుట్టు తిరిగి మరోచోట దిగుతుంది. ఒక సాయంత్రం మా లెక్క 31కి చేరింది. గొర్రెలను తోలుకుపోతున్న పెద్దాయన మా దగ్గర ఆగి, "ఇవి కొత్తవి కాదు సామీ, మా కుక్క లేపినవే మళ్లా దిగుతాండాయి" అన్నాడు. అది నిజమే. నలుగురి పుస్తకాలలోని సమయాలను పక్కపక్కన పెట్టి చూసుకుంటే మిగిలినవి 23. ఆ రోజు నుంచి ప్రతి పక్షి పక్కన నిమిషంతో సహా సమయం రాస్తున్నాము, గడ్డి లోపల లేచిన వాటిని అసలు లెక్కలోకి తీసుకోవడం లేదు.

జాతిని గుర్తించడంలో తొందర వద్దు. మాంటేగు హారియర్ మగపక్షికి బూడిదరంగు రెక్క మీద నల్లని పట్టీ ఉంటుంది; పాలిడ్ హారియర్ మగపక్షి మరింత తెల్లగా ఉండి, రెక్క కొనలో మాత్రమే నల్లని కోణం కనిపిస్తుంది. ఆడపక్షులూ పిల్లపక్షులూ మాత్రం రెండు జాతుల్లోనూ గోధుమరంగులో, తోక మొదట్లో తెల్లని మచ్చతో ఒకేలా ఉంటాయి. మసక వెలుతురులో వాటిని విడదీయడం ఎంత అనుభవం ఉన్నవారికైనా కష్టం. అందుకే "జాతి తెలియని హారియర్" అనే గడి నా పుస్తకంలో అన్నిటికంటే నిండుగా ఉంటుంది. ఊహించి రాసిన పేరు కంటే ఆ గడిలోని గీతకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. కొత్తవారు కూడా రావచ్చని నేను అనేది ఇందువల్లనే: పేర్లు రాకపోయినా, ఒక దిక్కు నుంచి చూపు మరల్చకుండా గంటన్నర కూర్చోగలిగితే చాలు.

అభయారణ్యంలోనైతే అటవీశాఖ అనుమతి తీసుకోండి. పక్షులు ఉండగా గడ్డిలోకి అడుగుపెట్టవద్దు, ఫోటో కోసమైనా సరే. అవి పడుకునే చోటు ఎక్కడో ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేలా పెట్టవద్దు.

ఒక్క పక్షీ రాని సాయంత్రాన్ని కూడా తేదీ వేసి రాయండి. నేను మొదట లెక్కపెట్టిన బీడును మూడేళ్ల క్రితం ట్రాక్టరుతో దున్ని శనగ వేశారు. సొంతదారుకు ఆ హక్కు ఉంది, ఆయనను నేను తప్పుపట్టను. తరువాతి రెండు శీతాకాలాలు అదే గట్టు మీద, అవే వేళలకు కూర్చొని సున్నా రాసి వచ్చాను. అక్కడ పిల్లిగద్దలు ఉండేవనీ, ఇప్పుడు లేవనీ చెప్పే కాగితాలు నా దగ్గర అవే.