గాజులు కుదవలో, డిస్కులు రేకుల గదిలో

తిరుపతి బైరాగిపట్టెడ నుంచి ఒక చెల్లెలు రాసింది, పేరు వద్దంది. ఉత్తరం పెద్దది, అసలు సంగతి మాత్రం చెప్తా. ఇంటాయనకి 49 ఏళ్ళు, ఉద్యోగం ఉంది, తాగుడు లేదు, పేకాట లేదు, కానీ నాలుగేళ్ళుగా పాత గ్రామఫోన్ డిస్కులు కొంటా ఉండాడు, అవి కూడా రకరకాల పాటలు కాదు, పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లీషు బ్యాండు వాళ్ళ డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్ ఒక్కటే, ఇప్పటికి 31 కాపీలు. అన్నిటి మీదా అదే నల్ల అట్ట, అదే త్రికోణం. సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు ఒక అట్టలోంచి జారిన పోస్టర్లు రెండు చిత్తుకాగితాలనుకుని పారేసిందంట, 11 రోజులు ఆయన మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకరోజు ఆయన ఫోన్ ఇంట్లో మర్చిపోయి పోతే వడ్డీ కట్టమని మెసేజ్ వచ్చింది, అప్పుడు తెలిసింది లాకర్లో ఉన్నాయనుకున్న తన గాజులు రెండూ కుదవలో ఉండాయని. "అన్నీ పాత సామాన్లోడికి వేసేద్దామనిపిస్తా ఉందక్కా. ఆయనకి పిచ్చి పట్టిందా, నాకే అర్థం కావడం లేదా?" అని అడిగింది.

చెల్లీ, ముందు పాత సామాన్లోడి సంగతి. వాడికి వెయ్యొద్దు. పుణ్యానికి చెప్పడం లేదు, లెక్కకే చెప్తా ఉన్నా. నీ గాజులు ఇప్పుడు యాడుండాయంటే ఆ అట్టల్లోనే ఉండాయి. కేజీల లెక్కన తూకం వేయించుకుంటే గాజులు కూడా ఆ తోపుడుబండిలోనే పోతాయి.

ఇంక పిచ్చా అన్నావు. నువ్వు తిరుపతిలో పుట్టి పెరిగినదానివి కాబట్టి నీకు ఇట్లా చెప్తే తెలుస్తుంది. బ్రహ్మోత్సవాలకి కొండమీద స్వామి ఒక్కడే కదా, మరి మనం పెద్దశేషం చూసొచ్చి మళ్ళీ హంస అంటాం, ముత్యపుపందిరి అంటాం, గరుడసేవ రోజు ఆ జనంలో కాళ్ళు తొక్కించుకుని మరీ నిలబడతాం, ఎవరన్నా వచ్చి నిన్న చూసిన స్వామే కదా మళ్ళీ ఎందుకు అంటే వాడి మొహం చూస్తాం. మీ ఇంటాయనకి ఆ ఆల్బమ్ అట్లాంటిది. పాట ఒకటే, వాహనం వేరు. (ఈ మాట ఆయనతో అనొద్దు, స్వామితో పోలిక ఏందని నీ మీదే లేస్తాడు.)

అది 1973 మార్చిలో వచ్చింది. లండన్‌లో అబ్బీ రోడ్ స్టూడియోలో రికార్డు చేసినారు. అమెరికాలో బాగా అమ్ముడయ్యే ఆల్బమ్‌ల బిల్‌బోర్డ్ లిస్టులో 1973 నుంచి 1988 లోపల మొత్తం 700 వారాలకి పైనే ఉండింది, అంత అమ్ముడుపోతా ఉంటే ఒక్క ఫ్యాక్టరీ చాలదు కదా, ఇంగ్లండ్‌లో, జపాన్‌లో, అమెరికాలో, ఇంకా చాలా దేశాల్లో ఎవరికి వాళ్ళు కొట్టుకున్నారు. డిస్కు కొట్టేది ఎట్లా అంటే స్టాంపర్ అని లోహపు అచ్చు ఉంటుంది, మెత్తబడిన ప్లాస్టిక్ ముద్దని దాని మధ్య పెట్టి నొక్కుతారు, మన చెక్క అచ్చుతో అద్దకం వేసినట్టే. కొట్టేకొద్దీ అచ్చు అరుగుతుంది, కొత్త అచ్చు పెడతారు. అచ్చుకి అచ్చుకి, ఊరికి ఊరికి శబ్దంలో తేడా వస్తుంది. ఏ అచ్చుదో తెలిసేదానికి డిస్కు మధ్యలో పాట లేని నున్నటి చోట సన్నంగా నంబరు గీసి ఉంటుంది, మీ ఇంటాయన రాత్రిపూట సెల్‌ఫోన్ లైటు వేసి డిస్కు అటూ ఇటూ వంచి చూస్తా ఉండాడని రాసినావే, ఆయన చదివేది దాన్నే. ఇంగ్లండ్ మొదటి విడతలో లేబుల్ మీద త్రికోణం నిండా నీలం రంగు ఉంటుంది, తర్వాతవాటిలో ఉత్త గీతే. ఆ నిండు నీలానికే రేటంతా. మొబైల్ ఫిడెలిటీ అనే అమెరికా కంపెనీ 1979లో దాన్నే హాఫ్ స్పీడ్‌లో, అంటే అసలు పాట ఉన్న టేపునీ గాడి కట్ చేసే మిషన్‌నీ సగం వేగంతో నడిపి మళ్ళీ చేసింది, దానికి వేరే గిరాకీ. నువ్వు పారేసిన పోస్టర్లు 1973లో డిస్కుతో పాటు ఇచ్చినవి, రెండు పోస్టర్లు, రెండు స్టిక్కర్లు. అవి లేకపోతే రేటు తగ్గిపోద్ది. నీకు తెలీక చేసినావు, తప్పు కాదు, అయినా ఒకసారి "తెలీలేదండీ" అనేసెయ్, ఆ ఒక్క మాటకి నీదేం పోదు.

ఇంతవరకూ ఆయన తరఫున మాట్లాడినా, ఇంక చాలు.

గాజులు అడగకుండా తీసి కుదవ పెట్టడం, లాకర్లో ఉండాయని చెప్పడం, దీన్ని హాబీ అనరు. దీనికి వాహనాలూ లేవు అచ్చులూ లేవు, అబద్ధం ఒకటే. 62 వేలు పెట్టి కొన్న డిస్కుని "రెండు వేలు" అని చెప్పినాడని రాసినావు, పాప ఇంటర్ అయిపోతా ఉంటే ఇంజనీరింగ్ ఫీజుకని వేసిన చీటీ రెండు నెలలు కట్టలేదని రాసినావు, ఇవి చదివితే నాకు కోపం వచ్చింది. నాకు నవ్వు కూడా వచ్చింది ఒకచోట, చెప్పనా? ఆ డిస్కు రెండో వైపు తిప్పితే మొదట వినపడేది పాట కాదు, గల్లాపెట్టె తెరిచే చప్పుడు, చిల్లర గలగల. 31 కాపీల్లో ఆ గల్లాపెట్టె ఎట్లా మోగుతుందో తేడాలు పట్టిన చెవి, ఇంట్లో గల్లాపెట్టె ఖాళీ అయితే వినపడలేదా?

నేనైతే ఏం చేస్తానంటే, పిల్ల ట్యూషన్‌కి పోయినాక కూర్చోబెట్టి మెసేజ్ చూపించి ఒకటే అడుగుతా, గాజులు ఎంతకి పెట్టినారు, ఏ తారీకు లోపల విడిపించాలి అని. డిస్కుల ఊసు ఎత్తను. ఎత్తితే ఆయన ఏ అచ్చు గొప్పదో చెప్తాడు, నువ్వు ఫోన్లో ఫ్రీగా వస్తుంది కదా అంటావు, రాత్రి పదకొండు అయిపోద్ది, గాజుల మాట అట్నే ఉండిపోద్ది. విడిపించేదానికి డబ్బు ఆ 31లోంచే రావాలి. ఏవి అమ్మాలో ఆయనే తేల్చుకోనీ, నువ్వు వేలు పెట్టొద్దు, ఒకటే అచ్చువి డబుల్ ఉంటాయి కలెక్షన్ చేసేవాళ్ళ దగ్గర. చీటీ బాకీ కట్టినాక, నెలకి ఇంత అని ఒక మొత్తం ఆయన చేతికి, దాంట్లో ఏం కొన్నా నువ్వు అడగవు, అది దాటితే మాత్రం నీకు చెప్పకుండా కొనేది లేదు.

ఇంకోటి. పైన రేకుల గదిలో దాచినాడన్నావు. తిరుపతి ఎండ, మే నెల, పైన రేకులు, ఆ గదిలో డిస్కు అప్పడంలా వంగిపోద్ది తల్లీ, అది ప్లాస్టిక్కే. ఒకదాని మీద ఒకటి పడేసి ఉంటే ఇంకా తొందరగా. ఈ సంగతి నీకన్నా ఆయనకి బాగా తెలుసు, అయినా అక్కడే పెట్టినాడంటే నీకు కనపడకూడదని. కాబట్టి నువ్వే చెప్పు, కింద హాల్లో బీరువా పక్కన ఎండ తగలని చోట ఒక అర ఖాళీ చేస్తా, అక్కడ నిలువుగా పెట్టుకోండి అని. ఆయన డిస్కులు బాగుంటాయి, కొత్తది 32వది వస్తే వచ్చిన రోజే నీకు కనపడుతుంది.

విప్పని పార్శిళ్ళు నాలుగు ఉండాయన్నావు చూడు, నాకు అన్నిటికన్నా గుబులు అక్కడే. వినేదానికి కొన్నోడు విప్పకుండా ఉండలేడు. కొన్న క్షణంలో వచ్చే ఊపిరి కోసమే కొంటా ఉంటే, అర్ధరాత్రి నిద్ర పట్టక కొంటా ఉంటే, అమ్మి కూడా మళ్ళీ దొంగతనంగా కొంటే, అది మన మాటలతో తేలేది కాదు. మనసు బాధలకి గవర్నమెంటు పెట్టిన ఫోన్ సాయం ఉంది, టెలి మానస్ అని, 14416కి ఫోన్ చెయ్యండి, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. లేదంటే రుయా ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి ఇద్దరూ కలిసి పోండి, షుగర్‌కి పోయినట్టే.

"నీకు అర్థం కాదులే" అంటాడన్నావు. నాలుగేళ్ళలో ఒక్కసారైనా పక్కన కూర్చోబెట్టుకుని వినిపించినాడా? మొత్తం ఆల్బమ్ 43 నిమిషాలు, సీరియల్ రెండు ఎపిసోడ్లంత కూడా లేదు. మొదటి వైపు చివర్లో ఒక ఆడమనిషి మాటలే లేకుండా గొంతుతో అరుస్తా, ఏడుస్తా పాడుతుంది, దానికి ఇంగ్లీషు రానక్కర్లేదు. అది పెట్టమని అడుగు. నచ్చకపోతే నచ్చలేదని చెప్పేసెయ్. కానీ గాజుల తారీకు తేలినాకే వినడం.

ఆదివారం పొద్దున్నే, రేకులు కాలకముందే దించుకోండి. 31 డిస్కులు అట్టలతో సహా పది కేజీలు అటూ ఇటూ ఉంటాయి, ఇద్దరూ మోస్తే రెండు సార్లలో అయిపోద్ది. గాజులు ఇంటికి వచ్చినాక నాకు ఒక లైను రాయి.