అల్లుడి ఎక్సెల్ షీటుకి పెద్దమ్మ జవాబు

అమ్మలూ,

ఏ ఊళ్ళో కాపురం పెట్టాలో తేల్చుకోవడానికి మీ ఆయన చేసి పంపిన షీటు మీ అన్నయ్య చేత ప్రింటు తీయించుకుని మరీ చదివాను. ఫోన్లో ఆ గళ్ళు నా కళ్ళకి ఆనవు. బెంగళూరు, హైదరాబాద్, విశాఖ అని మూడు వరసలు వేసి, నేరాలకి ఎరుపు రంగు, సదుపాయాలకి పచ్చ రంగు, చివర మార్కులు. అబ్బాయి కష్టపడ్డాడు, కాదనను. కానీ నేరాల రేటు దగ్గర విశాఖ గడి ఖాళీగా ఉందని, 'అంటే సేఫ్' అని రాసుకుని పది మార్కులు వేసేశాడు చూడు, అక్కడ నవ్వాపుకోలేకపోయాను.

ఆ గడి ఎందుకు ఖాళీగా ఉందో చెప్తాను. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా వేసే నివేదికలో నగరాల పట్టిక ఒకటి ఉంటుంది. అందులోకి 20 లక్షల జనాభా దాటిన నగరాలనే తీసుకుంటారు, అదీ 2011 జనాభా లెక్కల ప్రకారం. అలా తేలినవి 19. విశాఖ అప్పటికి ఆ గీత దాటలేదు, విజయవాడా దాటలేదు. అంతే సంగతి. దొంగలు లేక కాదు, జనం చాలక.

ఇంకో మాట. ఆ పట్టికలో నేరాల రేటు బట్టి కోల్‌కతా కొన్నేళ్ళుగా అట్టడుగున ఉంటోంది, కొచ్చి పైన కనపడుతుంది. దాన్ని బట్టి కొచ్చి వాళ్ళందరూ దొంగలనుకుంటావా? ఆ అంకెలు జరిగిన నేరాలవి కావు, పోలీసులు రాసుకున్న నేరాలవి. కేరళలో మనిషి చిన్నదానికైనా స్టేషన్‌కి వెళ్తాడు, వాళ్ళూ రాసుకుంటారు. పైగా ఒకే ఎఫ్‌ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే, అన్నిట్లోకి పెద్దదొక్కటే లెక్కలోకి వెళ్తుంది. అంకె పెరిగినంత మాత్రాన నేరం పెరిగినట్టు కాదని ఆ బ్యూరో వాళ్ళే చెప్తారు. అల్లుడు పట్టిక కాపీ చేశాడు గానీ దాని ముందు రాసిన నాలుగు ముక్కలు చదవలేదు.

రాసుకోకపోవడం అంటే ఏంటో నా మెడ మీద జరిగింది కాబట్టి చెప్తున్నాను. 2009లో మేం విశాఖలోనే ఉన్నాం. మంచి కాలనీ, అన్నీ సొంత ఇళ్ళు. తెల్లారి ఆరింటికి వాకిట్లో ముగ్గేస్తున్నా. బండి మీద ఇద్దరు కుర్రాళ్ళొచ్చి, 'ఆంటీ, పోస్టాఫీసు ఎటు?' అనడిగారు. చెయ్యి చూపిద్దామని తల తిప్పాను. అంతే, మెడ మీద నిప్పు అంటించినట్టయింది. నాలుగు కాసుల నానుతాడు. ముగ్గు డబ్బా చేతిలోనే ఉంది, తాడు లేదు.

స్టేషన్‌కి వెళ్తే అక్కడాయన మర్యాదగానే కూర్చోబెట్టాడు, టీ తెప్పించాడు. 'అమ్మా, దొంగతనమని రాస్తే మీరు కోర్టు చుట్టూ తిరగాలి. పోగొట్టుకున్నానని రాసివ్వండి, దొరికితే కబురు చేస్తాం' అన్నాడు. మీ పెదనాన్న నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను. రాసిచ్చాం. అంటే ప్రభుత్వం లెక్కలో నా నానుతాడు ఎవరూ తెంపుకుపోలేదు, నేనే ఎక్కడో పారేసుకున్నాను. (ఆ తప్పు నువ్వు చెయ్యకు. ఇప్పుడు ఏ స్టేషన్‌లోనైనా నేరం జరిగింది వాళ్ళ పరిధిలో కాకపోయినా జీరో ఎఫ్‌ఐఆర్ రాయించుకోవచ్చు, 2024 జులై నుంచి అది చట్టంలోనే ఉంది. కాపీ ఉచితంగా ఇవ్వాలి.)

కానీ ఆ రోజు జరిగింది అదొక్కటే కాదు. మేం ఇంటికొచ్చేసరికి ఎదురింటావిడ దారానికి పసుపు రాసి, పసుపు కొమ్ము కట్టి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. 'బోసి మెడతో లోపలికెళ్ళకండి' అని వాకిట్లోనే మీ పెదనాన్న చేత కట్టించింది. పక్కవాళ్ళు ఇడ్లీ పంపారు. వారం రోజులు ఎవరో ఒకరు నేను ముగ్గేసే టైముకి వాళ్ళ గుమ్మంలో నిలబడేవాళ్ళు, ఊరికే పళ్ళు తోముకుంటూ. ఆ ఇంట్లో ఇంకో మూడేళ్ళున్నాం. వెళ్ళిపోదామని ఒక్కసారి కూడా అనిపించలేదు.

రిటైరయ్యాక హైదరాబాద్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీలో పదకొండో అంతస్తులో అద్దెకున్నాం, నీకు గుర్తుండే ఉంటుంది. మూడు గేట్లు, ప్రతి మలుపులో కెమెరా, వచ్చినవాళ్ళకల్లా యాప్‌లో అనుమతి. ఒక రాత్రి రెండింటికి మీ పెదనాన్న బాత్రూంలో పడ్డారు. అంబులెన్స్ తొందరగానే వచ్చింది. గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి మా అనుమతి కోసం ఫోన్ చేస్తున్నాడు. ఫోన్ పడగ్గదిలో, నేను బాత్రూంలో ఆయన తల ఒళ్ళో పెట్టుకుని. పది నిమిషాలు పట్టింది బండి లోపలికి రావడానికి. ఆయనకేం కాలేదు, దేవుడి దయ. తెల్లారాక చూస్తే పక్క ఫ్లాటు వాళ్ళకి ఆ గొడవే తెలీదు. ఆ పద్నాలుగు నెలల్లో మా ఇంట్లో చెంచా కూడా పోలేదు. అల్లుడి షీటులో ఆ ఇంటికి పదికి పది వస్తాయి.

ఇక పచ్చ రంగు గళ్ళు. కేంద్రం వాళ్ళ సులభ జీవన సూచీలో 2018లో బెంగళూరు 58వ స్థానం. 2020 సూచీలో పెద్ద నగరాల్లో మొదటి స్థానం. రెండేళ్ళలో ట్రాఫిక్‌కి పేరుమోసిన అక్కడి సిల్క్ బోర్డు జంక్షన్ ఖాళీ అయిందా? కొలిచే పద్ధతి మారింది. హైదరాబాద్ సంగతీ అంతే. 2019లో మెర్సర్ కంపెనీ వేసిన జీవన నాణ్యత జాబితాలో పుణెతో కలిసి మన దేశంలో మొదటిది, ఆ కేంద్రం సూచీలోనేమో 24. మెర్సర్ వాళ్ళ జాబితా విదేశాలకి ఉద్యోగుల్ని పంపే కంపెనీలు ఎంత అలవెన్స్ ఇవ్వాలో తేల్చుకోవడానికి. తెనాలి నుంచి వచ్చే మీ అత్తగారికి అందులో ఏముంటుంది?

అందుకే ముందు ఊరు కాదు, వీధి చూడు. నువ్వు ఉండేది హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కాదు. ఇల్లు, ఆఫీసు, పాప స్కూలు, కూరగాయల కొట్టు, వాటి మధ్య దారి. ఆ దారి బాగుంటే చాలు.

చూడ్డానికి పగలు బ్రోకర్‌తో వెళ్ళడం దండగ. నా ముప్ఫై నాలుగేళ్ళ బ్యాంకు ఉద్యోగంలో తొమ్మిది ఊళ్ళు మారాను, ప్రతి ఊళ్ళోనూ ఇల్లు ఖాయం చేసేముందు రాత్రి తొమ్మిదింటికి ఆ వీధిలో ఒక్కదాన్నే నడిచాను. ఎవరున్నారో చూడు. పాల ప్యాకెట్ కోసం నైటీ మీద చున్నీ వేసుకుని వచ్చిన ఆడవాళ్ళు, ట్యూషన్ నుంచి సైకిల్ మీద వచ్చే ఆడపిల్లలు, ఇంకా పొయ్యి ఆర్పని టిఫిన్ బండి కనిపిస్తే ఆ వీధి మంచిదే. మందుల షాపు మూసేసి వైన్ షాపు ఒక్కటే వెలుగుతుంటే వెనక్కి తిరుగు. ఇళ్ళ కిటికీలు కూడా చూడు. పై అంతస్తులకి కూడా ఈమధ్యే కొత్తగా గ్రిల్స్ బిగించి ఉంటే అక్కడ ఏదో జరిగిందన్నమాట. ఇస్త్రీ బండి అతన్ని అడుగు, చెప్తాడు. కాలనీ వాట్సాప్ గ్రూపుకంటే అతనికి ఎక్కువ తెలుసు.

నీళ్ళ సంగతి ఓనర్ని అడగకు, 'ఇరవై నాలుగ్గంటలూ నీళ్ళమ్మా' అంటాడు. వాచ్‌మన్ భార్యని అడుగు, 'ఏప్రిల్లో వారానికి ఎన్ని ట్యాంకర్లు దిగాయి?' అని. సూటిగా అలాగే అడుగు. బెంగళూరులో 2024 ఎండాకాలం బోర్లు ఎండిపోయి ఐటీ వాళ్ళుండే వైపే ఎక్కువ అవస్థ పడ్డారు. 2007లో నగరంలో కలిపిన 110 గ్రామాలకి కావేరి నీళ్ళ పథకం ఐదో దశ 2024 అక్టోబరులో గానీ మొదలవలేదు. మీరు చూస్తున్నది ఆ వైపు ఇల్లే అయితే, గొట్టం వచ్చిందా, గొట్టంలో నీళ్ళొచ్చాయా అన్నవి రెండు వేరే ప్రశ్నలు.

నేరం గురించి టెన్షన్ పడేవాళ్ళు రోడ్డు గురించి పడరు, అది నాకెప్పటికీ అర్థం కాదు. 2022లో మన దేశంలో నమోదైన హత్య కేసులు 28,522. అదే ఏడాది రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. దాదాపు ఆరు రెట్లు. పాప స్కూలు బస్సు ఎక్కాలంటే ఎన్ని రోడ్లు దాటాలి, ఫుట్‌పాత్ మీద ఎన్ని బైకులు ఎక్కుతున్నాయి, ఆ గడి షీటులో లేనే లేదు. నువ్వు రాత్రి షిఫ్టు నుంచి వచ్చేటప్పుడు క్యాబ్ గుమ్మం దాకా వస్తుందా, సందు మొదట్లో దింపేస్తుందా అన్నదీ లేదు. హైదరాబాద్‌లో 2014 నుంచి ఆడవాళ్ళని వేధించేవాళ్ళని పట్టుకునే పోలీసు షీ టీమ్స్ ఉన్నాయి, మంచిదే. కానీ ఆ సందులో లైటు వెలగాలి కదా.

ఇక మీ అత్తగారికి ఎదురయ్యే దొంగ సందులోంచి రాడు, ఫోన్లోంచి వస్తాడు. పోలీసునని చెప్పి 'డిజిటల్ అరెస్ట్' అని వీడియో కాల్‌లో బెదిరించేవాడికి ఆవిడ విశాఖలో ఉంటే ఏంటి, తెనాలిలో ఉంటే ఏంటి! సైబర్ మోసాల ఫిర్యాదుకి ఉన్న 1930 నంబరు పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కి అంటించు. డబ్బు పోయిన గంటలోపు ఫోన్ చేస్తే నిలిపే అవకాశం ఉంటుంది.

విశాఖ నాకు ప్రాణం, నీకు తెలుసు. కానీ అక్కడి గాలిలో ఏముందో కూడా కాస్త చూసుకోవాలి. పోర్టు వైపు ఇళ్ళల్లో కిటికీ అంచు మీద వేలు పెట్టి చూస్తే నల్లగా వస్తుంది. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఓ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ గ్యాస్ లీకై 12 మంది పోయారు. అది ఏ నేరాల పట్టికలో కనపడుతుంది? ఫ్యాక్టరీలకి దూరంగా, మధురవాడ వైపు చూసుకుంటే ఆ భయం తక్కువ. నా అసలు అనుమానం వేరు. మీ ఇద్దరిలో ఒకరి ఉద్యోగం పోతే ఆ ఊళ్ళోనే ఇంకోటి దొరుకుతుందా? మీ బాబాయి కొడుకు రెండేళ్ళుగా పెళ్ళాం బిడ్డల్ని విశాఖలో ఉంచి తను బెంగళూరులో పీజీలో ఉంటున్నాడు. అదేం కాపురమో!

నా ఓటు హైదరాబాద్‌కి. అది గొప్ప ఊరని కాదు. రెండు ఉద్యోగాలకి దిక్కుంటుంది. మీ అత్తగారు కూరగాయలవాడితో బేరమాడుకోగలరు, అది చిన్న విషయం అనుకోకు. బెంగళూరులో నేనున్నప్పుడు మా అత్తగారు నాలుగేళ్ళు మాట్లాడే మనిషి లేక టీవీతో మాట్లాడారు. కాకపోతే ఆఫీసు గచ్చిబౌలి దాటి అయితే మెట్రో రాయదుర్గంతో ఆగిపోతుంది, అక్కణ్ణుంచి మళ్ళీ ఆటోనో క్యాబో. నల్లగండ్ల, లింగంపల్లి వైపు చూడండి. ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఉంది, లింగంపల్లిలో నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మీ అత్తగారు తెనాలిలో దిగొచ్చు. ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి ఉచితం, తెలంగాణ అడ్రసున్న గుర్తింపు కార్డు ఉండాలి, వెళ్ళగానే ఆధార్‌లో అడ్రసు మార్పించుకో. ముందు పదకొండు నెలలు అద్దెకే ఉండండి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం ఆ ఇంట్లో గడవకుండా ఫ్లాటు అడ్వాన్స్ ఇవ్వద్దని అల్లుడికి నా మాటగా చెప్పు. 2020 అక్టోబరు వానలకి ఏ కాలనీల్లోకి నీళ్ళొచ్చాయో అక్కడివాళ్ళని అడిగితే చెప్తారు, అమ్మేవాడు చెప్పడు.

ఇంతకీ ఆ షీటులో మీ అత్తగారికి ఒక్క గడి కూడా లేదు. ఆవిణ్ణి అడిగారా? అడక్కపోతే ఇవాళే ఫోన్ చెయ్యండి. మనవరాలి స్కూలు దగ్గరలో గుడి ఉంటే చాలంటుందేమో, ఆ ముక్క ముందే తెలిస్తే మీ పని సగం తగ్గుతుంది.

రెండో శనివారం ఇళ్ళు చూడ్డానికి వస్తానన్నావు కదా. నేనూ వస్తాను. రాత్రి నడకకి నేనుంటాను, అల్లుణ్ణి పాపతో రూములో ఉండమను. మెడలో పసుపు తాడే వేసుకొస్తాలే.

మీ పెద్దమ్మ