కాలేజీ క్లాసులో ఒక్కొక్కరికీ చిన్న వైట్‌బోర్డు ఇస్తే ఏం లాభం?

"అర్థమైందా?" అంటే క్లాసంతా తలూపుతుంది. నిజంగా ఎవరికి అర్థమైందో తెలియాలంటే అందరూ జవాబు రాసి ఒకేసారి బోర్డులు పైకెత్తాలి.

పైకి విసిరిన బంతి గరిష్ఠ ఎత్తులో ఉన్నప్పుడు దాని త్వరణం (వేగం మారే రేటు) ఎంత అని అడిగి చూడండి. చాలామంది సున్నా అని రాస్తారు. కానీ అక్కడ సున్నా అయ్యేది వేగం మాత్రమే. గురుత్వ త్వరణం 9.8 మీ/సె² కిందివైపు ఉండనే ఉంటుంది. వెంటనే జవాబు చెప్పేయకండి. వేర్వేరుగా రాసినవాళ్లను రెండు నిమిషాలు వాదించుకోనిచ్చి, మళ్లీ రాయించండి. అసలు నేర్చుకోవడం ఆ వాదనలోనే జరుగుతుంది.

తుడిచేయొచ్చు కాబట్టి తప్పు రాయడానికి టెన్షన్ ఉండదు. దయచేసి వీటికి మార్కులు మాత్రం వేయకండి!

ఖర్చంటారా, ఏ4 తెల్లకాగితాన్ని లామినేషన్ చేయించినా సరిపోతుంది. వైట్‌బోర్డు మార్కర్‌తో రాస్తే పొడిగుడ్డతో తుడిచేయొచ్చు.