నాయన సంతకం పెట్టే ముందు

ప్రశ్న: మాది రేణిగుంట దగ్గర పల్లె. మా నాయనకు 54 ఏళ్లు. గాజులమండ్యం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో 16 ఏళ్లుగా పని చేస్తున్నారు. జీతం 16 వేలు, అందులో బేసిక్, డీఏ కలిపి 11,700. ఆర్డర్లు లేవని నవంబరు 3 నుంచి రావద్దన్నారు. ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం ఒకటి చేతికిచ్చి, సంతకం పెట్టి తెస్తే లెక్క తేలుస్తామన్నారంట. నాయనకు తన పేరు రాయడం తప్ప చదవడం రాదు. పీఎఫ్‌లో 3 లక్షల 80 వేలు ఉంది (అక్క పెళ్లికి ఒకసారి కొంత తీశారు). నెట్ సెంటర్ అతను 8 వేలిస్తే మొత్తం తీయించి ఇస్తానంటున్నాడు. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 60 వేల అప్పుంది. నిరుద్యోగ భృతి వస్తుందని ఒకరు, అది చదువుకున్న పిల్లలకేనని ఇంకొకరు. నాయన ఏ ఆఫీసుకూ రానంటున్నారు, "నువ్వే చూసుకో పాపా" అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: అమ్మా, డబ్బు లెక్కలు తర్వాత చూద్దాం, ముందు ఆ కాగితం. నాయన ఇంకా సంతకం పెట్టలేదు కదా? పెట్టకపోతే పెట్టనివ్వద్దు. ఆ కాగితాన్ని మీరు ఫోన్‌లో ఫొటో తీసి, కంపెనీతో ఏ సంబంధమూ లేని మనిషి చేత, ఇంగ్లీషు బాగా వచ్చిన మనిషి చేత, నాయన ఎదురుగా లైను లైనుగా తెలుగులో చెప్పించండి. "సొంత కారణాల వల్ల", "నా ఇష్టపూర్వకంగా", "రాజీనామా", "ఇక కంపెనీ నాకు ఏమీ బాకీ లేదు" లాంటి మాట ఏదైనా అందులో ఉంటే అది మీ నాయనకు కొన్ని లక్షల ఖరీదు చేసే కాగితం. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

భృతి గురించి మీతో మాట్లాడిన ఇద్దరూ సగం సగం నిజమే చెప్పారు. 2018లో మన రాష్ట్రంలో యువనేస్తం అని వచ్చింది చూడండి, నెలకు వెయ్యి, అది 22 నుంచి 35 ఏళ్ల లోపు చదువుకున్నవాళ్లకు. మీ నాయనకు దాంతో పని లేదు. ఆయనకు రావాల్సింది ఈఎస్ఐ, అంటే కార్మికుల ప్రభుత్వ బీమా నుంచి. జీతం 21 వేలు దాటలేదు కాబట్టి నెలనెలా ఆయన జీతంలో ముప్పావు శాతం, కంపెనీ వైపు నుంచి మూడుంపావు శాతం ఈఎస్ఐకి కట్టే ఉంటారు. చాలామంది ఈఎస్ఐ అంటే మందుల చీటీ, ఆసుపత్రి అనే అనుకుంటారు. ఉద్యోగం పోతే డబ్బు ఇచ్చే పథకాలు అందులోనే రెండున్నాయి.

మొదటిది అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. 2018 జులై 1న మొదలైంది. జీవితంలో ఒకసారి, 90 రోజుల దాకా, సగటు రోజు సంపాదనలో సగం ఇస్తారు. మొదట్లో పావు వంతే ఉండేది, కరోనా టైంలో సగం చేశారు. ఉద్యోగం పోవడానికి ముందు కనీసం రెండేళ్లు ఈఎస్ఐలో ఉండాలి, పని పోయే ముందటి ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉండాలి, ఆ రెండేళ్లలోని మిగతా మూడు చందా కాలాల్లో ఒక దాంట్లో కూడా 78 రోజులుండాలి. పదహారేళ్లు వరుసగా చేసిన మనిషికి అది సమస్య కాదు. మీ నాయన లెక్కలో చూస్తే, రెండేళ్ల జీతాన్ని 730 రోజులకు పంచితే రోజుకు 526 రూపాయలు, సగం 263, తొంభై రోజులకు దాదాపు 23,670. దీన్ని ఎప్పటికప్పుడు గడువు పెంచుతూ నడుపుతున్నారు, కాబట్టి ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో అడుగు పెట్టగానే "ఈ నెల అమల్లో ఉందా సార్" అన్నదే మీ మొదటి ప్రశ్న కావాలి. పని పోయి 30 రోజులు నిండాక అర్హత వస్తుంది. డబ్బు నేరుగా నాయన బ్యాంకు ఖాతాలో పడుతుంది.

రెండోది రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన, 2005 నుంచి ఉంది. ఫ్యాక్టరీ మూతపడినా, చట్టప్రకారం రిట్రెంచ్‌మెంట్ చేసినా, అంటే "నీకు ఇక్కడ పని లేదు" అని కంపెనీయే రాసిచ్చి తీసేసినా, మొదటి ఏడాది సంపాదనలో సగం, రెండో ఏడాది పావు వంతు ఇస్తారు. ఆ కాలంలో ఇంటిల్లిపాదికీ ఈఎస్ఐ వైద్యం కూడా. రెండేళ్లకు కలిపి లెక్క వేసుకుంటే లక్షా నలభై వేల దాకా తేలుతుంది. రెండు పథకాలూ ఒకేసారి రావు, పెద్దదానికి అర్హత ఉంటే దాన్నే అడగాలి.

ఇప్పుడు ఆ కాగితం దగ్గరికి మళ్లీ రండి. తనంతట తాను వైదొలిగిన మనిషికి ఈ రెండూ అందవు. రిట్రెంచ్‌మెంట్ అయితే కంపెనీ ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం కూడా ఇవ్వాలి, పదహారేళ్లకు అది లక్షా పాతిక వేలకు అటూ ఇటూ ఉంటుంది. రాజీనామా మీద సంతకం పడిందంటే అదీ పోతుంది. అందుకే కొన్ని చోట్ల కాగితం ముందు, లెక్క తర్వాత అంటారు. మా మేనమామ ఒకాయన పుత్తూరు దగ్గర ఒక మిల్లులో చేసి, ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేసి వచ్చాడు, దాని మీద తర్వాత ఏం రాసుకున్నారో మాకు ఈ రోజుకీ తెలియదు, చేతికి మాత్రం పదకొండు వేలు ఇచ్చి పంపారు. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను, ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాణ్ని నేనే, ఆ రోజు క్రికెట్ ఆడుకోవడానికి పోయాను. ఇప్పటికీ బాధే.

ఒకవేళ నాయన ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే దాని నకలు అడిగి తీసుకోండి, ఇవ్వకపోతే అడిగామన్నది రాతలో ఉండేలా చూసుకోండి. సంతకం పెట్టినా పెట్టకపోయినా నాయన పేరుతో కంపెనీకి ఒక ఉత్తరం పంపండి: "నేను పనికి సిద్ధంగా ఉన్నాను, నవంబరు 3 నుంచి మీరే రావద్దన్నారు, తీసేస్తే తీసేసినట్టు లెటర్ ఇవ్వండి" అని తెలుగులోనే, నాలుగు లైన్లు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. పలకకపోతే లేబర్ ఆఫీసు. అక్కడా కుదరకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు ఫ్యాక్టరీ కార్మికుడికి ఉచితంగా లాయరును ఇస్తారు, 1987 చట్టంలోనే ఆ హక్కు ఉంది, ఫోన్ చేయాలంటే 15100.

గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి చేసినందుకు పోయేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు, మాత్రం రాజీనామా చేసినా పోదు, అయిదేళ్లు దాటితే ఇవ్వాల్సిందే. 11,700ను 26తో భాగించి 15తో గుణిస్తే 6,750, దాన్ని పదహారేళ్లకు వేస్తే 1,08,000. ఇది 30 రోజుల్లో ఇవ్వాలి. ఒక్క మెలిక: నాయన కంపెనీ రోల్‌లో ఉన్నారా, కాంట్రాక్టరు రోల్‌లోనా? పీఎఫ్ పాస్‌బుక్కులో యాజమాన్యం పేరు ఎన్నిసార్లు మారిందో చూడండి. ఏడాదికో కాంట్రాక్టరు పేరు కనిపిస్తే, ఒకే గేటు లోపల ఒకే మిషన్ మీద పదహారేళ్లు చేసినట్టు చూపించే పాత గేట్ పాసులు, జీతం స్లిప్పులు, దసరాకు ఇచ్చిన బోనస్ కాగితాలు, ఏవుంటే అవి బయటికి తీయండి.

ఇక పీఎఫ్. నెట్ సెంటర్ అతనికి ఎనిమిది వేలు ఎందుకమ్మా? క్లెయిమ్ పెట్టడానికి ఒక్క రూపాయి కూడా ఖర్చు లేదు, ప్రింటుకు, నెట్టుకు యాభయ్యో వందో ఇవ్వండి, అంతే. డబ్బు కన్నా నా భయం ఇంకోటి: అలాంటి చోట్ల నాయన ఫోన్ తీసుకుని ఓటీపీలు వాళ్లే చూసుకుంటారు, ఒక్కోసారి ఖాతాకు ఫోన్ నంబరే మార్చేస్తారు. నాయన దగ్గర బటన్ ఫోనే ఉన్నా ఫర్వాలేదు, ఓటీపీ మెసేజీ దానికీ వస్తుంది, కానీ ఆ సిమ్ చచ్చిపోకూడదు. పని లేదు కదా అని రీచార్జ్ మానేస్తారేమో చూసుకోండి.

"మొత్తం తీయించి" అన్న మాట కూడా నాకు నచ్చలేదు. ఉద్యోగం పోయాక 75 శాతం దాకా తీసుకోవచ్చు, మీ లెక్కలో 2 లక్షల 85 వేలు. మిగతా పావు వంతుకు ఇదివరకు రెండు నెలలు ఆగితే సరిపోయేది, 2025 అక్టోబరులో పీఎఫ్ బోర్డు దాన్ని పన్నెండు నెలలు చేయాలని నిర్ణయించింది. కానీ తీయగలిగినంతా ఎందుకు తీయాలి? 2024-25కు పీఎఫ్ వడ్డీ 8.25 శాతం, పోస్టాఫీసు నెలసరి పథకం 2023 ఏప్రిల్ నుంచి 7.4 దగ్గరే ఉంటోంది. ఇంట్లో చేతికందితే ఆ డబ్బు ఎవరి చీటీలోకో, ఎవరి చేబదులులోకో పోతుంది. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, నెలకు 1,200 వడ్డీకే పోతోంది, కాబట్టి 60 వేలు తీసి ఆ అప్పు ముందు తీర్చేయండి, ప్రోనోటు వెనక్కి తీసుకుని చింపేయడం మర్చిపోవద్దు. ఈఎస్ఐ డబ్బు వచ్చేదాకా ఇల్లు గడవడానికి ఇంకో ముప్పై నలభై వేలు. మిగతాది అక్కడే ఉండనివ్వండి.

పీఎఫ్‌తో పాటు ఉండే పెన్షన్ జోలికి ఇప్పుడు అసలు పోవద్దు. పదేళ్లు దాటింది కాబట్టి అది నాయనకు 58కి పెన్షన్‌గానే వస్తుంది. గత 60 నెలల బేసిక్, డీఏ కలిపి సగటు పదివేల అయిదు వందలు అనుకుంటే దాన్ని సర్వీసు ఏళ్లు 16తో గుణించి 70తో భాగించండి, నెలకు 2,400. యాభై దాటితే ముందే తీసుకోవచ్చని ఎవరైనా చెప్తారు, నిజమే, కానీ తగ్గిన ఒక్కో ఏడాదికి 4 శాతం కోత, అదీ బతికున్నంత కాలం. 54కే మొదలుపెడితే రెండు వేల చిల్లరే. దానికన్నా పీఎఫ్ ఉన్న ఇంకో పనిలో, జీతం కాస్త తక్కువైనా, అదే యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) మీద చేరి 58 దాకా చేస్తే సర్వీసు 20 ఏళ్లవుతుంది, దానికి లెక్కలో ఇంకో రెండేళ్లు కలుపుతారు. మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీకి రోజుకూలీగా పోవడం కన్నా ఇది మేలని నాయనకు చెప్పి చూడండి. ఒక్కటి, ఈఎస్ఐ నుంచి భృతి తీసుకుంటూ ఇంకో చోట పనిలో చేరితే వాళ్లకు చెప్పాలి, దాచిపెట్టొద్దు.

అన్నిటికంటే ఎక్కువ చోట్ల క్లెయిమ్ ఆగిపోయేది పేరు దగ్గర. మన వైపు ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, కంపెనీ రికార్డులో ఒక్క పొడి అక్షరం, బ్యాంకులో ఇంకో స్పెల్లింగు. పుట్టిన తేదీ తెలియదన్నవాళ్లకు ఎవరో జనవరి ఒకటో, జులై ఒకటో వేసేసి ఉంటారు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు, పీఎఫ్, ఈఎస్ఐ కార్డు నాలుగూ ఒక చాప మీద పరిచి అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే జాయింట్ డిక్లరేషన్, అంటే పీఎఫ్‌లో వివరాలు సరిదిద్దమనే దరఖాస్తు, పెట్టాలి, దానికి కంపెనీ ఒప్పుకోలు కావాల్సి రావచ్చు, వాళ్లతో మాటామాటా పెరగకముందే ఆ పని కానివ్వండి. పని మానేసిన తేదీ కంపెనీ వేయకపోతే, చివరి చందా పడి రెండు నెలలయ్యాక నాయనే ఆన్‌లైన్లో వేసుకోవచ్చు, కారణం దగ్గర ఏది నొక్కుతున్నారో మాత్రం రెండుసార్లు చూడండి. మిషన్ పనితో వేలి గీతలు అరిగిపోయి వేలిముద్ర పడకపోతే కంగారు పడొద్దు, ముఖం చూపించి చేసే పద్ధతి ఉంది.

ఇక "నువ్వే చూసుకో పాపా" అన్న మాట. అమ్మా, మీరు చూసుకోండి, కానీ ఆయన్ను ఇంట్లో వదిలేసి కాదు. పదహారేళ్లు షిఫ్టులు చేసిన మనిషికి ఆఫీసు అంటే భయం ఉండదు, పది మంది ముందు "ఇది చదువు" అంటారేమోనని సిగ్గు. ముందు రోజు రాత్రి, రేపు ఎక్కడికి పోతున్నాం, వాళ్లు ఏం అడుగుతారు, మనం ఏం అడగాలి అని మాటల్లో చెప్పండి. "అర్థమైందా" అని అడిగితే అందరూ ఊఁ అనే అంటారు. "నాయనా, రేపు ఆఫీసర్ను మనం ఏం అడగాలో చెప్పు" అని ఆయన చేతే చెప్పించండి. కవర్లు మూడు తీసుకోండి, ఈఎస్ఐకి ఒక రంగు, పీఎఫ్‌కి ఒక రంగు, కంపెనీకి ఒక రంగు, రంగును బట్టి ఆయనే తీసి ఇస్తారు. కౌంటర్ దగ్గర మాట్లాడేది ఆయన కావాలి, మీరు పక్కన. సంతకం ఎక్కడ పెట్టినా బ్యాంకులో పెట్టినట్టే పెట్టాలి. ఒక నోటుబుక్కులో తేదీ, కలిసిన మనిషి హోదా, చెప్పిన మాట రాసుకోండి. లైన్లో కూర్చోవడం అంటారా, కొండ మీద కంపార్ట్‌మెంట్లో కూర్చున్న ఓపిక ఉన్నవాళ్లం, ఇదెంత.

ఒక మంచి సంగతి: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా చందా కట్టి ఉన్నారు కాబట్టి వచ్చే జనవరి నుంచి జూన్ దాకా ఈఎస్ఐ వైద్యం అందుతుంది, ఉద్యోగం పోయింది కదా అని బీపీ మాత్రలు బయట కొనొద్దు.

పీఎఫ్ వాళ్లు ప్రతి నెలా 27న జిల్లాల్లో నిధి ఆప్కే నికట్ అని శిబిరం పెట్టి కూర్చుంటారు, ఆ రోజు సెలవైతే తర్వాతి పనిదినం. పేరు తేడాల సంగతి అక్కడ ముఖాముఖి అడగొచ్చు, నాయన్ను తీసుకుని పొద్దున్నే పోండి. పోయే ముందు ఆ ఇంగ్లీషు కాగితంలో ఏముందో నాకు రాయండి, దాన్ని బట్టి కంపెనీకి పంపే నాలుగు లైన్లు నేనే రాసి పెడతాను.